బాండికూట్ నిజంగా మన పందికొక్కేనా?

బ్రిస్బేన్ అమ్మ:
మా పెరట్లో పొద్దున్నే చూస్తే గడ్డిలో గరాటు ఆకారంలో చిన్న చిన్న గుంటలు కనిపిస్తున్నాయి. పక్కింటావిడని అడిగితే అది బాండికూట్ పని, పురుగుల కోసం తవ్వుతుంది, దాన్నేం చేయకండి అంది. మాట వినగానే నాకు పందికొక్కు గుర్తొచ్చింది. ఇది తెలుగు నుంచి ఇంగ్లీషులోకి వెళ్లిన మాటేనని మా నాన్నగారు చెప్పేవారు. మా అబ్బాయేమో "అది అసలు ఎలుకే కాదమ్మా, కంగారూలా సంచి ఉంటుంది, వాట్సాప్‌లో వచ్చేవి నమ్మకు" అంటున్నాడు. ఎవరిది నిజం? వాడికి సరిగ్గా చెప్పాలని ఉంది.

పాత నిఘంటువు:
ఇద్దరిదీ నిజమేనండి. మాట మనది, మీ పెరట్లో జంతువు మాత్రం వేరు. 1886లో వచ్చిన హాబ్సన్-జాబ్సన్ నిఘంటువులోనే ఇది తెలుగు పందికొక్కు నుంచి వచ్చిందని రాసి ఉంది, ఇప్పటి పెద్ద ఇంగ్లీషు నిఘంటువులూ అదే చెబుతాయి. ఈస్టిండియా కంపెనీ వాళ్లు 1611లోనే మచిలీపట్నంలో దిగారు, తర్వాత మద్రాసు, గోదాములంటే ధాన్యం, ధాన్యం ఉన్నచోట పందికొక్కులు, కాబట్టి ఈ మాట వాళ్ల చెవిన పడటంలో వింతేమీ లేదు. మన 'ప' ఊపిరి వదలకుండా పలుకుతాం కదా, ఇంగ్లీషు చెవికి అది 'బ'లాగే వినిపిస్తుంది. మన పందికొక్కుల జాతికి శాస్త్రీయ నామం కూడా బాండికోటా.

ఆ తర్వాత ఆస్ట్రేలియా వెళ్లిన ఇంగ్లీషువాళ్లకి అక్కడ పొడుగు ముక్కుతో నేల తవ్వే జంతువు కనబడితే తెలిసిన పేరే పెట్టేశారు. మీ అబ్బాయి చెప్పినట్టు దానికి సంచి ఉంటుంది, పైగా ఆ సంచి వెనక్కి తెరుచుకుంటుంది, తవ్వేటప్పుడు మట్టి పిల్లల మీద పడకుండా. అందుకే దాన్ని తెలుగులో రాసేటప్పుడు పందికొక్కు అని అనువదించకూడదని నా గట్టి అభిప్రాయం. చదివే పిల్లలు ఎలుక అనుకుంటారు.

తణుకు రైతు:
పంది అని ఎందుకన్నారో దాన్ని బొరియలో నిలేసినవాడికి తెలుస్తుంది, అచ్చం పందిలా గుర్రుగుర్రుమంటుంది. మా వైపు ఉత్త కొక్కు అని కూడా అంటాం. గట్టుకి ఒక్క బొరియ పెట్టిందంటే తెల్లారేసరికి మడిలో నీళ్లన్నీ పక్క చేలోకి పోతాయి, కోతలప్పుడు వెన్నులు కొరికి లోపలికి లాక్కుపోయి దాచుకుంటుంది. ఆ బొరియలు తవ్వి ధాన్యం బయటికి తీసేవాళ్లని చిన్నప్పుడు నేనే చూశాను. పందికొక్కులా మెక్కాడు అనే మాట ఊరికే రాలేదు.

మెల్‌బోర్న్ పాతకాపు:
ఇక్కడ ఆ మాట క్రియ కూడా అయిందండి! బంగాళాదుంప మొక్క పైన కదలకుండా కింద దుంపలు మాత్రం తవ్వుకుపోవడాన్ని బాండికూట్ చేయడం అంటారు. మనిషి దిగులుగా ఉంటే బాండికూట్‌లా ఉన్నాడనే వాడుక కూడా ఉంది. మీ అబ్బాయికి క్రాష్ బాండికూట్ గేమ్ తెలిసే ఉంటుంది, 1996లో వచ్చింది, ఆ పేరులోనూ మన తెలుగు మాటే ఉందని చెప్పండి. ఇరవై ఏళ్లుగా ఇక్కడున్నా ఆ మాట విన్నప్పుడల్లా నాకు సంతోషంగానే ఉంటుంది.

తెలుగు టీచర్:
ముంగిస సంగతి కూడా వాడికి చెప్పండి. మంగూస్‌లో గూస్ ఉంది కదా అని బాతుతో ముడిపెడతారు, దానికీ దీనికీ సంబంధమే లేదు. అది మరాఠీ మంగూస్ నుంచి వెళ్లింది, మన ముంగిసకి చుట్టం. అందుకే ఒకటి కంటే ఎక్కువుంటే మంగూసెస్ అనే రాస్తారు, మంగీస్ అనరు.

బ్రిస్బేన్ అమ్మ:
అందరికీ చాలా థాంక్సండీ. వాడికి చదివి వినిపించాను. సంచి వెనక్కి ఎందుకుంటుందో విని, రాత్రి టార్చి పట్టుకుని చూద్దాం రమ్మంటున్నాడు. పందికొక్కు ఫొటో ఎవరి దగ్గరైనా ఉంటే పెట్టండి, పక్కింటావిడకి చూపించాలి.