శత్రువుకు భయం ఉంటే సరిహద్దు ప్రశాంతంగా ఉంటుందా?

కందుకూరు మాస్టారు:
అణ్వాయుధాలున్నాయి కనుక మన జోలికి ఎవరూ రారన్న మాట ఈ చర్చలో పదేపదే వినిపిస్తోంది. 1998 మే నెలలో మనం పోఖ్రాన్‌లో అణు పరీక్షలు జరిపితే, అదే నెలలో పాకిస్తాన్ కూడా జరిపింది. ఏడాది తిరిగేసరికి కార్గిల్ యుద్ధం వచ్చి 527 మంది జవాన్లు ప్రాణాలిచ్చారు. 2025-26లో రక్షణ శాఖకు 6.81 లక్షల కోట్ల రూపాయలు కేటాయించాం. భయంతోనే ఆపగలిగితే ఇంత ఖర్చూ, ఇన్ని ప్రాణాలూ ఎందుకు?

గిద్దలూరు మాజీ సైనికుడు:
మాస్టారు గారికి నమస్కారం. మీ లెక్క నిజమే గానీ, నిరోధక శక్తి, అంటే భయం చూపి శత్రువును దాడికి దిగకుండా ఆపే బలం, ఏ పనికి ఉందో ముందు తేల్చుకోవాలి. 2003 జనవరి 4న ప్రకటించిన విధానం ప్రకారం మనం ముందుగా అణ్వాయుధం వాడం, మన మీద వాడితే మాత్రం ఎదుటివారు కోలుకోలేని దెబ్బ తీస్తాం. ఈ మాటను శత్రువు నమ్మాలంటే అతని మొదటి దెబ్బ తిన్నాక కూడా మన చేతిలో ఆయుధం మిగలాలి. నేల మీది క్షిపణి స్థావరాన్ని ఉపగ్రహం పసిగట్టవచ్చు, సముద్రం అడుగున తిరిగేదాని జాడ దొరకడం కష్టం. అణు క్షిపణులు మోసే అరిహంత్ జలాంతర్గామిని విశాఖలో కట్టింది అందుకే. అది శత్రువు అణుదాడికి తెగించకుండా ఆపుతుంది. కొండెక్కి కూర్చున్న చొరబాటుదారుణ్ణి దించడానికి మాత్రం పదాతి దళమూ, బోఫోర్స్ ఫిరంగులూ కావలసి వచ్చాయి.

కార్గిల్‌లో మన విమానాలు నియంత్రణ రేఖ దాటలేదు. దాటి ఉంటే ప్రాణనష్టం తగ్గేదేమోనని నేనూ బాధపడ్డాను. కానీ ఆ సంయమనం వల్లే యుద్ధం ఆ కొండల దగ్గరే ఆగిందని నా నమ్మకం. ఆ వేసవి అంతా మా అమ్మ పోస్టుమాన్ వచ్చే వేళకు అరుగు మీద కూర్చునేది. 56 ఏపీవో (సైనిక తపాలా కార్యాలయం) ముద్ర ఉన్న నా నీలం ఇన్లాండు లెటరు చేతికి వస్తే, చదువు రాకపోయినా దాన్ని కళ్ళకద్దుకుని, చదివి పెట్టేవారి కోసం వీధంతా తిరిగేది.

కందుకూరు మాస్టారు:
మీ అమ్మగారి సంగతి చదివి మనసు కలుక్కుమంది. ఆ తల్లి కోసమే అడుగుతున్నాను. 2020 జూన్ 15న లదాఖ్‌లోని గల్వాన్‌లో రెండు అణుదేశాల, అంటే మన, చైనా సైనికులు తుపాకీ పేల్చకుండా కర్రలతో, రాళ్ళతో తలపడితే మనవాళ్ళు 20 మంది అమరులయ్యారు. పెద్ద యుద్ధం రాదన్న ధీమా ఇరువైపులా ఉన్నందువల్లే చిన్న ఘర్షణకు తెగిస్తున్నారేమో కదా?

గిద్దలూరు మాజీ సైనికుడు:
అది కాదనలేను. అందుకే అరిహంత్ ఉంది కదా అని కొండ మీది జవాను చలికోటుకూ, బూట్లకూ, అక్కడికి వెళ్ళే రోడ్డుకూ ఒక్క రూపాయి కూడా తగ్గించకూడదంటాను.