పుదుచ్చేరి సొరను గుర్తుపట్టేదెలా?

ప్రశ్న: రేవులో మీటరులోపు సొర. పక్క వాజాలు, రెండో వీపు వాజం, తోక కింది పాయ, అన్నిటి కొసలూ నలుపు. పుదుచ్చేరి సొరేనా అండీ?

జవాబు: తొందరపడకండి. కార్కరైనస్ సొర్రా అనే మరో సొర జాతికీ అవే నల్ల కొసలు. దాని రెండో వీపు వాజం బాగా పొట్టి. లోపలి అంచు (వాజం వెనక, ఒంటికి అతుక్కోని కింది అంచు) పొడవు ఆ వాజం ఎత్తుకు రెండింతలు దాటుతుంది. ముందు అది కొలవండి. వీపు వాజాల మధ్య గట్టు రెండింటికీ ఉంటుంది, కాబట్టి దాన్ని నమ్ముకోవద్దు.

మరో జవాబు: పైపళ్లు కూడా చూడండి. పుదుచ్చేరి సొరకు కొన సన్నగా, నున్నగా ఉండి, మొదట్లో మాత్రమే రంపపు గాట్లుంటాయి. సొర్రాకు కొన అంచూ గరుకే. స్కేలు పెట్టి ఫోటోలు తీయండి. ముక్క మాత్రం కోయొద్దు: పుదుచ్చేరి సొర వన్యప్రాణి రక్షణ చట్టంలో షెడ్యూలు 1 జీవి, అనుమతి లేకుండా కోస్తే నేరం. దాని మ్యూజియం నమూనాల్లో చివరిది 1979 నాటిది, అందుకే వెంటనే అటవీశాఖకు చెప్పండి.