సమస్య: మంత్రగత్తె యనుట మంచి మాట

ఈ చివరి పాదానికి ముందు మూడు పాదాలు కట్టి పద్యం పూర్తిచేయడమే పూరణ. ఈసారి ఛందస్సు ఆటవెలది. ధాత కరువు (1876-78) వెళ్లిన తర్వాతి ఏళ్లు, కర్నూలు జిల్లాలో కుందూ ఒడ్డు పల్లె, ఊరు ఒప్పని ప్రేమ. పూరణ ఆ ఊళ్లోనే జరగాలన్నది నిబంధన.

ప్రొద్దుటూరు మిత్రుడి పూరణ:

చూపుతోడ మనసు చుట్టివేసితి వీవు
మాటలందు నన్ను మాయ జేసి
నిన్ను వలపు మీఱ నే బిల్చు వేళలో
మంత్రగత్తె యనుట మంచి మాట

గణాలు, యతులు (పాదం మొదటి అక్షరానికి నడుమ అక్షరంతో కుదరాల్సిన మైత్రి) సరిపోయాయి, నడక హాయిగా ఉంది. కానీ ఈ పిల్ల ఏ ఊరిదైనా కావచ్చు. మంత్రగత్తె అన్న ముద్ర పడితే మంత్రం నోట పలక్కూడదని పళ్లు రాలగొట్టేవాళ్లు. అలాంటి మాటను ముద్దుమాట చేయడం నాకు మింగుడుపడలేదు.

నంద్యాల సోదరి పూరణ:

మగని చేని దాయ మడిగెడు విధవను
జీతగాని వలపు చెప్పి చెప్పి
ఊరి నుండి తరుమ నూహించు వారికి
మంత్రగత్తె యనుట మంచి మాట

అసలు పూరణ ఇదీ! వేరుపడిన కుటుంబంలో కొడుకుల్లేని వితంతువుకు మొగుడి భూమి ఆమె బతికున్నంత కాలం దక్కేది. మారుమనువు చేసుకుంటే 1856 నాటి వితంతు పునర్వివాహ చట్టం ప్రకారం పోయేది. మరి వట్టి ప్రేమకు? ఒకసారి చేతికొచ్చిన ఆస్తి ఆ తర్వాతి నడవడిక వల్ల పోదని 1880లో ప్రివీ కౌన్సిల్ (అప్పట్లో లండన్‌లో ఉన్న ఆఖరి అప్పీలు కోర్టు) తేల్చింది. అంటే జీతగాడితో సంబంధం అంటగట్టినంత మాత్రాన కోర్టులో చేను రాదు. ఆమె తనంతట తానే ఊరు విడిచిపోవాలి. అందుకు చేతబడి నింద కావాలి. దాయాదులకు అది ఎందుకు ‘మంచి మాట’ అయిందో నాలుగు పాదాల్లో చూపించారు. ‘చెప్పి చెప్పి’ అన్నచోట రచ్చబండ గుసగుసలన్నీ వినిపించాయి.

హిందూపురం పెద్దాయన పూరణ (పిల్లను కోడలిగా వద్దన్న తల్లి మాటలు):

వాంతిబేది తోడ వాలిపోవ కొడుకు
ఉప్పుగంజి కాచి తాగనిచ్చె
ఆమె చేతి చలువ యదియె మంత్రంబన్న
మంత్రగత్తె యనుట మంచి మాట

రెండో పాదంలో ‘ఉ’కి ‘తా’తో యతి చెల్లదు. ‘ఉప్పుగంజి కాచి యూతమిచ్చె’ అంటే సరి. ఉప్పుగంజి మాత్రం తీసేయకండి పెద్దాయనా, ఒంట్లో నీరు పోతున్న మనిషిని నిలబెట్టేది అదే. తల్లి మనసు మారడం మరీ తొందరగా జరిగిపోయిందనిపించింది. అయినా నా ఓటు నంద్యాలకే.