‘భూధర’లో ఒక అంకె ఉందా, రెండున్నాయా?

పర్లాకిమిడి నుంచి:
గణితాన్ని తెలుగు పద్యాల్లో చెప్పిన పావులూరి మల్లనదని చెప్పే చదరంగం పద్యం మా పాపకి నేర్పుతున్నాను. బడిలో ఒడియా మీడియం, తెలుగు ఇంట్లోనే. మొదటి గడిలో ఒక గింజ, ఆపైన గడిగడికీ రెట్టింపు, 64 గళ్ళకీ కలిపి ఎన్ని గింజలన్నది లెక్క. పద్యంలో ఒక్కో మాటా ఒక్కో అంకెకి గుర్తు: శశి, భూమి అంటే 1, శర అంటే 5, అలా.

శర శశి షట్క చంద్ర శర సాయక రంధ్ర వియన్నగాగ్ని భూ
ధర గగనాబ్ధి వేద గిరి తర్క పయోనిధి పద్మజాస్య కుం
జర తుహినాంశు...

మొదటి పాదం ‘భూ’ దగ్గర ఆగింది కదా, పాప అక్కడ 1 వేసింది. ‘ధర’ అన్నా భూమేనని ఇంకో 1. మొత్తం 21 అంకెలు. ‘కుం’ దగ్గర మాత్రం ఆగకుండా కుంజరం, 8 అనేసింది! ఎలా నచ్చజెప్పను?

బరంపురం నుంచి:
చంపకమాలకి పాదానికి 21 అక్షరాలండీ. ఆ లెక్క ‘భూ’తో నిండింది, పాదం విరిగింది, మాట విరగలేదు. భూధరం అంటే కొండ. కులపర్వతాలు ఏడు, కాబట్టి 7. వాళ్ళ ఒడియా మాస్టారిని అడిగినా పర్వతమనే చెబుతారు.

రాయగడ నుంచి:
పాప గడుసుదిలా ఉంది, నిఘంటువుకి లొంగదు. లెక్కతోనే చెప్పండి. మొత్తం గింజలంటే 64 రెండ్లను హెచ్చవేసి 1 తీసెయ్యడం. 64 రెండ్లంటే 32 నాలుగులు. 4ని 3తో భాగిస్తే 1 మిగులుతుంది, నాలుగులు ఎన్ని హెచ్చవేసినా మిగిలేది ఆ ఒకటే. దాన్ని తీసేస్తున్నాం కనుక మొత్తం 3తో శేషం లేకుండా పోవాలి. పాప అంకెలు కూడితే 82, పోదు. ఆ రెండు ఒకట్ల చోట 7 పెడితే 87, పోతుంది.

అలాగని ఇది పూర్తి రుజువు కాదు. రెండంకెలు తారుమారైనా కూడిక మారదుగా! చివరికి హెచ్చవేసి చూడాల్సిందే. ‘అంకానాం వామతో గతిః’, అంటే అంకెల నడక ఎడమ వైపుకి, కనుక పద్యాన్ని కుడి నుంచి ఎడమకి రాస్తే 1,84,46,74,40,73,70,95,51,615. సరిగ్గా 20 అంకెలు.

ఈ సంఖ్యను కారణాంకాలుగా విడగొడితే ఇంకా బాగుంటుంది: 3, 5, 17, 257, 65537, 641, 6700417. వీటిలో మొదటి అయిదూ 2, 4, 16, 256, 65536లకి ఒకటి కలిపినవి. ఆ వరసలో తర్వాతది 4294967297. ఇవన్నీ ప్రధాన సంఖ్యలేనని గణితవేత్త ఫెర్మా అనుకున్నాడు. 1732లో ఆయిలర్ అనే మరో గణితవేత్త ఆ ఆరోదాన్ని 641, 6700417గా విరగ్గొట్టాడు. ఆ ముక్కలు రెండూ మన గింజల లెక్కలో ఉన్నాయి.

పర్లాకిమిడి నుంచి:
82 అనగానే నోరెత్తలేదండీ. ఇప్పుడు ‘తర్క’ మీద పడింది. తర్కం ఒకటే శాస్త్రం కదా, 6 ఎలా అయిందంటుంది.

బరంపురం నుంచి:
తర్కమంటే ఇక్కడ దర్శనం, షడ్దర్శనాల లెక్క అమ్మా. 1 వేసి అంకెలు కూడమనండి, 82 మళ్ళీ వస్తుంది.