మంచు అంటే స్నోనా, డ్యూనా, ఫాగా? అర్జంటు

ప్రశ్న వేసినవారు:
మూడు గంటల నుంచీ ఒక్క మాట దగ్గర ఆగిపోయానండి. మంచుకి ఇంగ్లీషులో ఏం రాయాలి? డిక్షనరీ తీస్తే స్నో, ఫాగ్, డ్యూ అన్నీ దానికే ఉన్నాయి. స్నో అని రాస్తే మా అబ్బాయి తప్పంటున్నాడు. రాత్రికి పంపెయ్యాలి, ఏదో ఒకటి తేల్చండి.

కాలవగట్టు:
వాక్యం పెట్టండి.

రిటైర్డ్ మాస్టారు:
ముందు పలకడం చూద్దాం. మంచిలో చ వేరు, మంచులో చ వేరు. ఈ రెండోది దంత్యం, మంౘు అని రాసేవారు, ఇప్పటి పిల్లలు రెండూ ఒకేలా పలుకుతుంటే ప్రాణం ఉసూరుమంటుంది. మాట మాత్రం సంస్కృతం నుంచి తెచ్చుకున్నది కాదు. కన్నడంలో మంజు అంటారు, తమిళంలో మంజు అంటే మబ్బు కూడా. సంస్కృతం మాట హిమం. హిమాలయం, హేమంతం ఆ కుదురులోవే.

దాళ్వా రైతు:
పొగమంచు అనండి, గొడవుండదు.

కాలవగట్టు:
పొగమంచు టీవీలో మాటండి. మా ఇంట్లో "మంచు పట్టేసింది" అంటాం, "మంచు కురుస్తోంది" అంటాం.

రిటైర్డ్ మాస్టారు:
ఆకు మీది మంచు పైనుంచి కురవదు బాబూ. రాత్రి ఆకు చల్లబడితే దాన్ని తగిలిన గాలిలో తేమే నీరవుతుంది.

దాళ్వా రైతు:
మాస్టారూ, పుష్యమాసంలో ఒక్క రాత్రి మా రేకుల షెడ్డులో పడుకోండి. వాన ఉండదు, మబ్బు ఉండదు, కొబ్బరాకుల చివర్నుంచి తెల్లార్లూ టప్ టప్‌మని రేకు మీద పడుతూనే ఉంటుంది. ఆరున్నరకి నారుమడికి వెళ్తే పది అడుగుల్లో ఉన్న గట్టు కనబడదు. దాన్ని కురవడం అనక ఏమంటాం?

ప్రశ్న వేసినవారు:
అయ్యో, అసలు సంగతి చెప్పలేదు కదూ. దిండి దగ్గర గోదావరి ఒడ్డున మా ఇల్లు, సంక్రాంతికి గదులు అద్దెకిస్తాం. "పొద్దున్నే మంచులో గోదావరి చూడండి" అని బోర్డు రాయిస్తున్నాం.

కాలవగట్టు:
ఫాగ్. స్నో అంటే వచ్చినవాళ్లు స్వెట్టర్లు మోసుకొస్తారు, మన దగ్గర అది పడదు. వాతావరణం వాళ్ల లెక్కలో కిలోమీటరు లోపే కనబడితే ఫాగ్, అంతకంటే దూరం కనబడితే మిస్ట్.

రిటైర్డ్ మాస్టారు:
మిస్ట్ అంటే వినడానికి బాగుంటుంది. అయినా కింద తెలుగులో కూడా రాయించమ్మా, ఆ ౘ తోనే.

ప్రశ్న వేసినవారు:
ఫాగ్ పంపేశానండి. థాంక్స్.

దాళ్వా రైతు:
మరి తెల్లారి చామాకు మీద గుండ్రంగా నిలిచేదాన్ని మా అమ్మ మంచునీళ్లు అంటుంది. మీ వైపు ఏమంటారు?