అమీర్‌పేటలో ‘గెట్ డౌన్’ అవ్వచ్చా?

ప్రశ్న: మా ఆఫీసులో కొత్తగా చేరిన అమ్మాయి ‘ఐ విల్ గెట్ డౌన్ ఎట్ అమీర్‌పేట్’ అంది. అది తప్పని పక్క సీటాయన దిద్దాడు. ఇరవై ఏళ్లుగా నేనూ అలాగే అంటున్నాను. నిజంగా తప్పా అండీ?

జవాబు: తప్పని కొట్టిపారేయను. ఈ ఊళ్లో అందరికీ అర్థమయ్యే మాటే. కాకపోతే అది మన ‘దిగు’ని ఇంగ్లీషులో పలకడం. హిందీ ‘ఉతర్‌నా’ కూడా తోడయ్యేసరికి ఇక్కడ బాగా పాతుకుపోయింది.

మనకు బస్సైనా ఆటో అయినా గుర్రమైనా ఒకటే, ఎక్కుతాం, దిగుతాం. ఇంగ్లీషువాళ్లు మాత్రం ఏ బండి అని చూస్తారు. లోపల లేచి నిలబడి నాలుగడుగులు వేయగలిగిన బస్సు, రైలు, విమానం అయితే గెట్ ఆన్, గెట్ ఆఫ్. పైన కూర్చునే సైకిలుకీ, స్కూటరుకీ, గుర్రానికీ అంతే. వంగి దూరాల్సిన కారూ ఆటోలకు గెట్ ఇన్, గెట్ అవుట్. స్టేషన్లలో వినిపించే ‘అలైట్’ కూడా దిగడమే గానీ, ఇంట్లో మాట్లాడుకునేటప్పుడు అదెవరూ అనరు.

అలాగని ‘గెట్ డౌన్’ వాళ్లకు లేకపోలేదు. నిచ్చెన మీంచో చెట్టు మీంచో దిగితే అదే. పనిలోకి దిగడం ‘గెట్ డౌన్ టు వర్క్’, ఇక్కడ మాత్రం రెండు భాషలూ భలే కలిశాయి. కానీ ఒక్క ‘గెట్ డౌన్’ అని గట్టిగా అరిస్తే ‘కిందికి వంగు, ప్రమాదం’ అని. అమెరికాలో పెరిగిన మా అక్క కొడుకుతో కోఠిలో ఆటో దిగుతుంటే వెనక బస్సు ఒకటే హారన్. కంగారులో ‘గెట్ డౌన్, గెట్ డౌన్’ అన్నాను. వాడు తల మీద చేతులు పెట్టుకుని సీటు ముందు నక్కాడు! ‘గెట్ అవుట్’ అనాల్సింది. అదేమో మన చెవికి ‘బయటికి పో’ అని గెంటేసినట్టుంటుంది. పిల్లాణ్ణి అలా అనడానికి నోరు రాలేదు.

ఇంకొకరు: ఒక సందేహం. మెట్రోలో రైలూ ప్లాట్‌ఫామూ ఒకే ఎత్తులో ఉంటాయి కదా. 2017 నుంచి రోజూ అందులో తిరుగుతున్నాం, కిందికి దిగేదేముంది? అయినా ‘దిగాను’ అనే అంటాం.

జవాబు: బాగా పట్టుకున్నారు. మన ‘దిగు’లో ‘కిందికి’ అన్నది ప్రతిసారీ ఉండక్కర్లేదు. ఊరికి వెళ్తే చుట్టాలింట్లో దిగుతాం, పెళ్లిలో ఫొటో దిగుతాం. ముల్లు కాల్లో దిగుతుంది. వీటన్నిటికీ ‘డౌన్’ తగిలించం కదా, బండికి మాత్రం ఎందుకు?

ప్రశ్న అడిగినవారు: సరే, రేపు మియాపూర్ రైల్లో ‘గెట్ ఆఫ్’ అని చూస్తాను. నోరు తిరగకపోతే ‘దిగాలి, కొంచెం జరగండి’ అనేస్తా.