మన చిన్న ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులకు కొత్తవాళ్లు రావాలంటే మీరేం చేస్తున్నారు?

అచ్చుతప్పు

అందరికీ నమస్తే. పాత అను ఫాంట్లలో టైప్ చేసిన తెలుగును యూనికోడ్‌లోకి మార్చే చిన్న పైథాన్ టూల్ ఒకటి (కోడ్ అందరికీ తెరిచే ఉంటుంది, ఎవరైనా దిద్ది పంపొచ్చు) నేనూ, ఇంకో మిత్రుడూ నడుపుతున్నాం. వాడేవాళ్లకు కొదవ లేదు. పత్రికల్లో పనిచేసేవాళ్లు, ఎప్పటివో పేజ్‌మేకర్ ఫైళ్లు బయటికి తీసే పబ్లిషర్లు, వికీసోర్స్‌లో పుస్తకాలు ఎక్కించేవాళ్లు వాడుతున్నారు. "ఫలానా ఫాంటులో వత్తులు తారుమారవుతున్నాయి" అని మెయిళ్లు వస్తూనే ఉంటాయి. సరిచేసేది మాత్రం మేమిద్దరమే. మిత్రుడికి ఈమధ్యే పాప పుట్టింది కాబట్టి లెక్కకు ఇద్దరం, పనికి ఒక్కణ్ణి.

రీడ్‌మీ (టూల్ పరిచయం, సూచనలు ఉండే ఫైలు) రాశాం. కోడ్ ఉంచే గిట్‌హబ్ సైట్లో, కొత్తవాళ్లు మొదలుపెట్టదగ్గ తప్పులకు 'గుడ్ ఫస్ట్ ఇష్యూ' లేబుళ్లు తగిలించాం. లింక్డ్‌ఇన్‌లో పోస్టు పెడితే లైకులు వచ్చాయి, మనుషులు రాలేదు. వచ్చిన కొద్దిమందీ "అన్నా, ఇది నాకు అసైన్ చెయ్యండి" అని కామెంట్ పెట్టి అటే పోయారు. మీ ప్రాజెక్టుల్లో ఏది పనిచేసింది, ఏది దండగ? ఉపన్యాసాలు వద్దు, జరిగినవి చెప్పండి.

హైటెక్‌సిటీ_భయ్యా

సింపుల్ భయ్యా. అక్టోబర్‌లో హాక్టోబర్‌ఫెస్ట్ (ఓపెన్ సోర్స్‌కు నెలంతా సాయం చెయ్యమని నడిపే కార్యక్రమం) ట్యాగ్ పెట్టు. వరదలా వస్తారు.

టెర్మినల్_తాత

వరదే, ఒప్పుకుంటా. తర్వాత బురద ఎత్తిపోసేది ఎవరు? క్లౌడ్ కంపెనీ డిజిటల్‌ఓషన్ వాళ్లు 2014లో అది మొదలుపెట్టినప్పుడు ఉద్దేశం మంచిదే. 2020కి వచ్చేసరికి నాలుగు పుల్ రిక్వెస్టులకు (పీఆర్‌లు, అంటే కోడ్‌లో ఈ మార్పు చేర్చుకోండని పంపేవి) టీషర్టు అని తెలిసి, రీడ్‌మీలో ఒక విశేషణం చేర్చి పంపేవాళ్లు, ఒక కామా తీసేసి పంపేవాళ్లు తయారయ్యారు. ప్రాజెక్టులు నడిపే మెయింటెయినర్లు గగ్గోలు పెడితే ఆ నెల తిరక్కుండానే రూలు మార్చారు. ప్రాజెక్టు వాళ్లు తమంతట తాము ట్యాగ్ పెట్టుకుంటేనే లెక్కలోకి తీసుకుంటామన్నారు. 2023లో టీషర్టు ఆపేసి డిజిటల్ బ్యాడ్జీలకు మారారు.

2024 మొదట్లో ఎక్స్‌ప్రెస్ అనే జావాస్క్రిప్ట్ ప్రాజెక్టు రిపోకు (కోడ్ ఉంచే చోటుకు) పట్టిన గతి గుర్తుందా? గిట్‌హబ్ నేర్పే ఒక వీడియోలో ఆ రిపోను ఉదాహరణగా చూపించారు. చూసిన పిల్లలు నిజం రిపోకే తమ పేర్లు రీడ్‌మీలో రాసి పీఆర్‌లు పంపారు. కుప్పలు తెప్పలుగా. పిల్లల తప్పని నేను అనను, కానీ ఒక్కోటీ తెరిచి మూసేది మనిషే కదా. నువ్వు ఒక్కడివే ఉన్నానంటున్నావు. నీకు ముందు కావలసింది జనం కాదు తమ్ముడూ, ఇద్దరు ముగ్గురు నిలబడే మనుషులు.

సముద్రం_అవతల

తాతగారితో ఏకీభవిస్తాను. నేను ఇక్కడ న్యూజెర్సీలో పగలు ఆఫీసు పని, రాత్రి ఒక పెద్ద ప్రాజెక్టులో రివ్యూయర్ పని (ఇతరులు పంపిన కోడ్ సరిచూసే పని) చేస్తుంటాను. కొత్తవాళ్లు రాకపోవడం కంటే, వచ్చినవాళ్లు రెండోసారి రాకపోవడమే అసలు జబ్బు.

ఫైర్‌ఫాక్స్ తయారుచేసే మొజిల్లా వాళ్లు కొన్నేళ్ల కిందట తమ దగ్గరి లెక్కలు చూసుకున్నారు. మొదటి ప్యాచ్‌కు (కోడ్ సవరణకు) 48 గంటల్లోపు రివ్యూ అందుకున్నవాళ్లు మళ్లీ రావడం చాలా ఎక్కువ. వారం దాటితే తిరిగొచ్చినవాళ్లు దాదాపు లేరు. నేను చూసిందీ అదే. రివ్యూ అంటే పూర్తి రివ్యూ అక్కర్లేదు. "చూశాను, శనివారం కూర్చుని వివరంగా రాస్తాను" అని ఒక్క ముక్క చాలు. పంపినవాడు రోజుకు పదిసార్లు ఆ పేజీ రిఫ్రెష్ చేస్తూ ఉంటాడు, ఆ టెన్షన్ మనకు కనబడదు.

రస్ట్ అనే ప్రోగ్రామింగ్ భాష ప్రాజెక్టులో అయితే పీఆర్ పెట్టగానే బాట్ (తనంతట తాను పనిచేసే ప్రోగ్రామ్) పలకరించి, ఫలానా ఆయన చూస్తారని ఒక రివ్యూయర్ పేరు తగిలిస్తుంది. ఎవరిని అడగాలో తెలియక బిక్కుబిక్కుమనే అవసరం ఉండదు. ఇద్దరున్న ప్రాజెక్టుకు బాట్ ఎందుకులెండి. "ఆదివారం పొద్దున రివ్యూలు చూస్తాం" అని రీడ్‌మీ పైనే రాసెయ్యండి. రాశాక తప్పకుండా చూడండి.

అచ్చుతప్పు

@సముద్రం_అవతల గారూ, ఈ ఆదివారం మాట బాగుంది. ఇప్పుడు ఓపెన్‌లో ఉన్న పీఆర్‌లలో ఒకటి నెలల నాటిది. ఇవాళే జవాబు రాస్తున్నాను.

బెజవాడ_బైట్

కాలేజీ పిల్లల సంగతి నేను చెప్తా, మా దగ్గర ఇంజినీరింగ్ కాలేజీలో పాఠాలు చెప్తాను కాబట్టి. ఏపీలో ఇంటర్న్‌షిప్ తప్పనిసరి చేశాక వీళ్ల మొదటి ప్రశ్న "సార్, సర్టిఫికెట్ ఇస్తారా?" అనే. నవ్వకండి, వాళ్ల అవసరం అది. మినీ ప్రాజెక్టు కింద ఏదో ఒకటి చూపించాలి, డబ్బులు తీసుకుని రెడీమేడ్ ప్రాజెక్టులు అమ్మే షాపులు వీధికొకటి ఉన్నాయి. ఆ డబ్బుల బదులు ఒక నిజమైన టూల్‌లో ఒక నిజమైన బగ్ సరిచేస్తే వాడికీ మంచిదే, మీకూ మంచిదే.

నేనేం చేశానంటే, ఒక బ్యాచ్‌ని ల్యాబ్‌లో కూర్చోబెట్టి, మెయింటెయినర్‌ను వీడియో కాల్‌లోకి పిలిచా. సగం సమయం గిట్ (కోడ్ మార్పుల లెక్క ఉంచే సాఫ్ట్‌వేర్) ఇన్‌స్టాల్ చెయ్యడానికీ, ల్యాబ్ ప్రాక్సీ దాటడానికే అయిపోయింది. చివరికి పనిచేసింది ఏంటంటే గిట్‌హబ్ కోడ్‌స్పేసెస్. బ్రౌజర్లోనే అంతా సెటప్ అయి తెరుచుకుంటుంది. ఇన్‌స్టాలేషన్ గండం గడిస్తే సగం మంది నిలబడతారు. మీ టూల్‌కి దాని సెట్టింగ్ ఫైలు పెట్టారా?

అచ్చుతప్పు

లేదండి. పైథాన్ వెర్షన్ ఏదో కూడా రీడ్‌మీలో రాయలేదని ఇప్పుడే చూశా.

సెమికోలన్

లేబుల్ గురించి ఒక మాట. మీ రిపో ఇప్పుడే చూసొచ్చా. 'గుడ్ ఫస్ట్ ఇష్యూ' అని పెట్టినదాంట్లో ఉన్నది ఒక్కటే లైను: "వత్తులు సరిగ్గా రావట్లేదు." కొత్తవాడికి ఇందులో పట్టుకోవడానికి ఏముంది అన్నా? ఏ ఫాంటు, ఏ ఫైలు, ఏం రావాలి, ఏం వస్తోంది?

నేనైతే ఇలా రాస్తా: "శ్రీ అని రావాల్సిన చోట శీ్ర అని వస్తోంది. పాత ఫాంటులో శకారం, గుడిదీర్ఘం కలిసి ఒకే ముక్క, దాని తర్వాత క్రావడి. మనం ముక్కకు ముక్క మార్చేస్తున్నాం కాబట్టి యూనికోడ్‌లో గుడిదీర్ఘం ముందు పడి, వత్తు వెనక పడుతోంది. వత్తును హల్లు పక్కకు జరిపి, గుడిదీర్ఘాన్ని చివరికి పంపాలి. జరపాల్సిన ఫంక్షన్ ఫలానా ఫైల్లో ఉంది. స్త్రీ, క్రీడ, శ్రీను అని మూడు పదాలతో టెస్టు రాసిపెట్టాను. ఇప్పుడు ఫెయిల్ అవుతుంది, పాస్ చేయిస్తే చాలు."

ఇది రాయడానికి ఎంతసేపు పడుతుందో, మీరే ఆ బగ్ సరిచేయడానికీ అంతేసేపు పడుతుంది, తెలుసు. అయినా రాయాలి. చాలా మెయింటెయినర్లు ఇక్కడే ఓపిక వదిలేస్తారు. నా మొదటి పీఆర్ ఇలాంటి ఇష్యూ మీదే మెర్జ్ అయింది (అసలు కోడ్‌లో కలిసింది), ఆ ప్రాజెక్టులో ఇప్పటికీ ఉన్నా.

హైటెక్‌సిటీ_భయ్యా

శీ్ర, సీ్త్ర, కీ్రడ... న్యూస్ సైట్లలో రోజూ కనబడేవి దీనివల్లేనా! ఇన్నాళ్లూ టైపింగ్ రాని వాళ్ల పని అనుకున్నా 😀

డీటీపీ_మాస్టారు

నమస్కారం. నాకు కోడింగ్ రాదు. విజయవాడలో ముప్ఫై ఏళ్లుగా డీటీపీ చేస్తున్నాను, అచ్చుతప్పు గారికి తప్పులు పట్టి మెయిళ్లు పెట్టేవాళ్లలో నేనొకణ్ణి. ఒక సందేహం. అను కీబోర్డులో ఏ మీట నొక్కితే ఏ ముక్క పడుతుందో నాకు కంఠతా వచ్చు. ఐత్వం పైన ఒక ముక్క, కింద ఒక ముక్క అని మీ టూల్‌కి తెలియట్లేదు, అందుకే "కై" చెడిపోతోంది. ఇది మెయిల్లో చాలాసార్లు రాశాను. నేను నేరుగా సరిచేసే దారి ఏమైనా ఉందా? గిట్‌హబ్ అంటే నాకు భయమండీ, అంతా ఇంగ్లిష్.

టెర్మినల్_తాత

అదిగో తమ్ముడూ. కాంట్రిబ్యూటర్ నీ ఇన్‌బాక్స్‌లోనే కూర్చుని ఉన్నాడు. నువ్వు లింక్డ్‌ఇన్‌లో వెతుకుతున్నావు.

సెమికోలన్

మాస్టారూ, మలయాళం వాళ్లు ఇది ఎప్పుడో చేశారు. స్వతంత్ర మలయాళం కంప్యూటింగ్ వాళ్ల దగ్గర పయ్యన్స్ అని ఇలాంటి కన్వర్టరే ఉంది, పైథాన్‌లోనే. ఒక్కో ఫాంటుకు ఒక్కో మ్యాపింగ్ ఫైలు, మామూలు టెక్స్ట్ ఫైలు. ఎడమ పక్క పాత ఫాంటు గుర్తు, కుడి పక్క యూనికోడ్ అక్షరం. కొత్త ఫాంటు చేర్చాలంటే కోడ్ జోలికి పోకుండా ఆ జాబితా నింపితే చాలు.

@అచ్చుతప్పు, మీ మ్యాపింగ్ అంతా పైథాన్ కోడ్ మధ్యలో డిక్షనరీల్లో ఇరుక్కుని ఉంది. దాన్ని బయటికి లాగండి. ఇంకా నయం, గూగుల్ షీట్‌లో పెట్టి స్క్రిప్టుతో లాక్కోండి. మాస్టారు షీట్ నింపుతారు, మీరు టెస్టులు నడుపుతారు. కమిట్‌లో (మార్పు నమోదయ్యే చోట) ఆయన పేరు సహ రచయితగా పెట్టండి, గిట్‌హబ్‌లో అందుకు సదుపాయం ఉంది.

అచ్చుతప్పు

మాస్టారూ, మీ మెయిళ్లన్నీ ఒక ఫోల్డర్‌లో దాచాను, చదవలేదనుకోకండి. ఇవాళ రాత్రికి షీట్ తయారుచేసి పంపుతాను. అన్నట్టు రీడ్‌మీ తెలుగులో కూడా రాయాలని ఇప్పుడు అనిపిస్తోంది. తెలుగు టూల్‌కు ఇంగ్లిష్‌లో మాత్రమే సూచనలేంటో.

పాతపుస్తకం

రీడ్‌మీ ఒక్కటే కాదండీ, ఇష్యూల్లో తెలుగులో రాయొచ్చని కూడా చెప్పండి. వికీపీడియాలో నేను చూసింది ఇదే. సాఫ్ట్‌వేర్ సందేశాల అనువాదం ట్రాన్స్‌లేట్‌వికీలో బ్రౌజర్ నుంచే చేసుకోవచ్చు కాబట్టి రిటైర్డ్ మాస్టార్లు కూడా చేస్తారు. అదే పని కోడ్ రిపోలో ఫైళ్లు దిద్ది పీఆర్ పంపమంటే ఎంతమంది మిగులుతారు?

బగ్_బాబాయ్

ఒక చల్లని నీళ్ల చెంబు పోస్తాను, ఏమనుకోకండి. ఎవరొచ్చినా తలుపు బార్లా తెరవొద్దు. 2024 మార్చిలో బయటపడ్డ ఎక్స్‌జెడ్ (ఫైళ్లు కుదించే టూల్) వ్యవహారం చూశారుగా. ఒంటరిగా అలసిపోయిన మెయింటెయినర్. సాయం చేస్తానని వచ్చిన ఒక ఖాతా, రెండేళ్లకు పైగా మంచి మంచి ప్యాచ్‌లు పంపింది. పక్కనుంచి ఇంకొన్ని ఖాతాలు "పని నడవట్లేదు, ఇంకొకరికి అప్పగించు" అని ఆయన మీద ఒత్తిడి తెచ్చాయి. చివరికి రిలీజ్ హక్కులు (కొత్త వెర్షన్ విడుదల చేసే హక్కులు) చేతికొచ్చాక బ్యాక్‌డోర్ (దొంగదారి) పెట్టేశారు. ఎస్‌ఎస్‌హెచ్ (దూరం నుంచి సర్వర్‌లోకి వెళ్లే పద్ధతి) లాగిన్ అర సెకను ఆలస్యం అవుతోందేమిటని ఒక ఇంజినీర్ తవ్వబట్టి బయటపడింది.

సముద్రం_అవతల

నిజమే బాబాయ్, కానీ ఆ కథలో నాకు కనబడే నీతి వేరు. ఆయన ఒక్కడే ఉండబట్టే ఆ ఒత్తిడి పనిచేసింది. ముగ్గురు నలుగురు ఉండి ఉంటే? కుబర్నెటిస్ అనే పెద్ద ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులో లాగా మెట్లు పెట్టుకోవచ్చు. ముందు మెంబర్, తర్వాత రివ్యూయర్, ఆ తర్వాత అప్రూవర్. పీఆర్‌కి ఎవరైనా రావచ్చు, రిలీజ్ తాళం చెవి మాత్రం అందరికీ ఇవ్వక్కర్లేదు.

బగ్_బాబాయ్

మెట్లు పెద్ద ప్రాజెక్టులకు బాగుంటాయి. ఇద్దరున్న చోట మూడో మనిషికి ఎప్పుడు తాళం ఇవ్వాలో ఏ పట్టికా చెప్పదు. నా మట్టుకు నేను వీడియో కాల్‌లో ముఖం చూడనివాళ్లకు రిలీజ్ హక్కు ఇవ్వను. పాతకాలం మనిషిని అనుకోండి.

బెజవాడ_బైట్

ఇప్పుడు కొత్త తలనొప్పి ఏఐ పీఆర్‌లు. మా పిల్లలే పంపుతున్నారు, నాకు తెలుసు. ఇష్యూని చాట్‌బాట్‌లో వేసి, వచ్చింది అలాగే పంపేస్తారు. రివ్యూలో ఒక ప్రశ్న అడిగితే దానికీ చాట్‌బాట్ జవాబే. కర్ల్ (నెట్ నుంచి డేటా తెచ్చే టూల్) వాళ్లు ఇలాంటి చెత్త రిపోర్టుల దెబ్బకు బగ్ బౌంటీనే (భద్రతా లోపాలు పట్టిస్తే ఇచ్చే బహుమతినే) ఆపేశారు.

నా క్లాసులో రూలు పెట్టా. ఏఐ వాడు, తప్పు లేదు. కానీ పీఆర్ వివరణ నీ సొంత మాటల్లో, తెలుగులో అయినా సరే రాయి. ఏ టెస్టు ఎందుకు ఫెయిలైందో చెప్పలేకపోతే పంపకు. సగం తగ్గాయి, మిగతా సగం చదవడానికి బాగున్నాయి.

హైటెక్‌సిటీ_భయ్యా

మరి జీసాక్ (గూగుల్ సమ్మర్ ఆఫ్ కోడ్), అవుట్‌రీచీ లాంటి కార్యక్రమాలు? డబ్బులిస్తే వస్తారు కదా.

సముద్రం_అవతల

మంచివే. గూగుల్ సమ్మర్ ఆఫ్ కోడ్ 2022 నుంచి విద్యార్థులు కానివాళ్లకు కూడా తెరిచారు. అవుట్‌రీచీలో ఎంపికకు ముందే కొన్ని కాంట్రిబ్యూషన్లు చెయ్యాలి కాబట్టి వచ్చేవాళ్లు కాస్త తెలుసుకునే వస్తారు. కానీ మెంటర్‌గా వారం వారం సమయం ఇవ్వాలి. లెక్కకు ఇద్దరు, పనికి ఒకరు ఉన్నచోట ఇప్పుడే వద్దు. పెద్ద గొడుగు సంస్థ కింద చేరితే తర్వాత ఆలోచించవచ్చు.

అచ్చుతప్పు

షీట్ తయారైంది, మాస్టారికి పంపాను. ఆయన భోజనానికి ముందే రెండు వరుసలు సరిదిద్దారు. ఆయన చెప్పిన ఐత్వం అందులో ఒకటి, టెస్టు పాస్ అయింది. సెమికోలన్ రాసిన శ్రీ ఇష్యూని అలాగే ఎక్కించాను, అనుమతి అడగలేదు, క్షమించాలి.

ఇప్పుడు ఒక చిక్కు. టెస్టులకు అసలైన అను ఫైళ్లు కావాలి. నా దగ్గరున్నవన్నీ పబ్లిషర్లు నమ్మకంగా పంపినవి, రిపోలో పెట్టలేను. అవి లేకపోతే కొత్తవాళ్లు దేనిమీద సరిచూసుకుంటారు?

పాతపుస్తకం

దానికి దారి ఉంది. మన దగ్గర రచయిత పోయిన తర్వాత 60 ఏళ్లకు కాపీరైట్ తీరిపోతుంది. గురజాడ 1915లో పోయారు, కందుకూరి 1919లో. వాళ్లు రాసినవి ఎవరైనా వాడుకోవచ్చు. ఎవరో అచ్చు కోసం కొట్టిన పాత ఫైలు తీసుకోకుండా కొత్తగా టైప్ చేస్తే ఏ పేచీ ఉండదు. పైగా కందుకూరి వారి వచనంలో సంయుక్తాక్షరాలు దండిగా ఉంటాయి, మీ వత్తులకు మంచి పరీక్ష. యూనికోడ్ పాఠం వికీసోర్స్‌లో దొరికితే పోల్చి చూసుకోవచ్చు కూడా.

డీటీపీ_మాస్టారు

అలాగైతే కందుకూరి వారివి నాలుగు పేజీలు నేను కొట్టి పంపుతాను. అను 6లోనా, 7లోనా?

అచ్చుతప్పు

రెండింట్లోనూ మాస్టారూ, ఓపికుంటే.